ముందు సేఫ్, తర్వాత రైఫిలు: నా మొదటి ప్రెసిషన్ సెటప్ డైరీ

జనవరి 11

ఇవాళ సేఫ్ వచ్చింది. ఏ రైఫిలు కొనాలో ఇంకా తేలలేదు గానీ, ఇనప పెట్టె మాత్రం గరాజ్ మూలలో కాంక్రీటు నేలకు నాలుగు బోల్టులతో బిగించి ఉంది. ఇది మా ఆవిడ పెట్టిన షరతు. "ఏవండీ, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. ముందు సేఫ్ కొని నేలకు బిగించండి. ఆ తర్వాతే తుపాకీ మాట ఎత్తండి" అంది. ఆ మాటను కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. రైఫిలు ఒక అరలో, దాని బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే, చేత్తో లాగే కడ్డీ) వేరే తాళమున్న డబ్బాలో, తూటాలు ఇంకో గదిలో ఉండాలని ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. ఇలా బోల్టుతో పనిచేసే బోల్ట్ యాక్షన్ రైఫిలులో నాకు నచ్చే గుణాల్లో ఇదొకటి. బోల్టు బయటికి లాగేస్తే మిగిలేది కర్రకు బిగించిన ఇనప గొట్టమే.

ఈ కోరిక ఇప్పటిది కాదు. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో .22 రైఫిలు ఇచ్చి, బోర్లా పడుకోబెట్టి, 25 గజాల దూరంలో టార్గెట్టు మీద ఐదు రౌండ్లు కాల్పించేవారు. మధ్యలో తగిలిందా లేదా అని హవల్దారు గారు చూసేవారు కాదు. ఐదు చిల్లులూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా పడ్డాయో స్కేలు పెట్టి కొలిచేవారు. దాన్ని గ్రూపింగ్ అనేవారు. మధ్యకు తేవడం సైట్ తిప్పితే అయిపోయే పని, గ్రూపు మాత్రం మనిషి చేతిలో ఉండాలి అని ఆయన హిందీలో చెప్పిన మాట ఇరవై ఏళ్లయినా నాకు గుర్తుంది.

ఇప్పుడు హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటున్నాను. ఈ ప్రాజెక్టుకు పెట్టుకున్న లక్ష్యం ఒక్కటే: ఏడాది తిరిగేలోగా 600 యార్డుల దూరంలో ఉన్న 12 అంగుళాల స్టీలు ప్లేటును పదిసార్లలో ఎనిమిదిసార్లు కొట్టాలి. సేఫ్ ఖర్చు కాకుండా బడ్జెట్ 3,500 డాలర్లు.

నాలాగే ఆసక్తి ఉన్న తెలుగువాళ్లకు ఒక ముఖ్యమైన మాట. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం మామూలుగా నిషిద్ధం. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి, కానీ స్నేహితుడు చెప్పాడని వాటిని నమ్ముకుని ముందుకు వెళ్లకండి. లాయరును అడగండి. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది డబ్బు కాదు, వీసా. నేను గ్రీన్‌కార్డు చేతికి వచ్చేదాకా ఆగాను.

జనవరి 25

రెండు వారాలూ ఏ క్యాలిబర్ (తూటా సైజు) అన్న దాని గురించే. డాలస్‌లో ఉండే మా బావకు .308 వించెస్టర్ ఉంది. ఫోన్‌లో గంటసేపు దాని గొప్పతనం చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. .308 వచ్చింది 1952లో. ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, బ్యారెల్ (తుపాకీ గొట్టం) ఐదు వేల రౌండ్లు దాటినా బాగానే కొడుతుంది. 6.5 క్రీడ్‌మూర్ అనే ఇంకో తూటా వాడే బ్యారెల్ రెండున్నర వేల దగ్గరే అలసిపోవడం మొదలవుతుంది.

అయినా నేను 6.5 క్రీడ్‌మూర్ వైపే మొగ్గాను. కారణం గాలి. 600 యార్డుల దగ్గర పక్క నుంచి గంటకు 10 మైళ్ల గాలి వీస్తే 140 గ్రెయిన్ల (బుల్లెట్ బరువుకు వాడే కొలత) 6.5 బుల్లెట్ దాదాపు 20 అంగుళాలు జరుగుతుంది. అదే గాలిలో 168 గ్రెయిన్ల .308 బుల్లెట్ అంతకు ఒకటిన్నర రెట్లకు పైనే జరుగుతుంది. 6.5 బుల్లెట్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి గాలిని చీల్చుకుని పోతుంది. పైగా వెనక్కి తన్నడం తక్కువ. తన్ను తక్కువైతే కాల్చిన తర్వాత కూడా స్కోపు (రైఫిలు మీద బిగించే దూరదర్శిని) టార్గెట్టు మీదే ఉంటుంది, బుల్లెట్ ఎక్కడ తగిలిందో నా కంటితోనే చూసుకోవచ్చు. ఒంటరిగా నేర్చుకునేవాడికి అది పక్కన గురువు ఉన్నట్టే.

ఈ తూటాను హోర్నడీ కంపెనీ 2007లో తెచ్చింది. పేరు మాత్రం పాతది. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో క్రీడ్‌మూర్ అనే షూటింగ్ రేంజి ఉండేది. 1874లో అక్కడ ఐర్లండ్, అమెరికా జట్లు 800, 900, 1000 యార్డుల పోటీ ఆడితే అమెరికా 934-931తో గెలిచింది. తేడా మూడే పాయింట్లు. ఐర్లండ్ షూటర్ ఒకాయన నడిమధ్యకు కొట్టాడు, కానీ పక్కవాళ్ల టార్గెట్టు మీద. ఆయనకు సున్నా వేశారు. దూరం కాల్చేటప్పుడు నా లైను నంబరూ టార్గెట్టు నంబరూ పైకి చదివిన తర్వాతే బోల్టు మూయాలని ఈ కథ చదివాక అలవాటు చేసుకుంటున్నాను.

ఇంకో దారి కూడా ఉంది. .22 రైఫిలుతో మొదలుపెట్టడం. చెక్ దేశపు సీజెడ్ 457 లాంటిది కొంటే రౌండు ఖర్చు పది, ఇరవై సెంట్లలో అయిపోతుంది. 100 యార్డుల దగ్గరే గాలి చదవడం నేర్పుతుంది. ఎవరైనా నన్ను అడిగితే ముందు అదే కొనమంటాను. నా విషయంలో మాత్రం .22 పాఠం ఎన్‌సీసీలోనే కొంత అయింది, 600 యార్డులు చూడాలన్న తహతహ చాలా ఉంది. అందుకే నేరుగా పెద్దదానికి వెళ్తున్నాను.

ఫిబ్రవరి 8

మూడు రైఫిళ్లు చేతిలోకి తీసుకుని చూశాను. ఇంటర్నెట్‌లో నెల రోజులు చదివిన దానికంటే ఈ రెండు గంటలే ఎక్కువ నేర్పాయి.

ఫిన్లండ్ నుంచి వచ్చే టిక్కా టీ3ఎక్స్ సీటీఆర్. బోల్టు వెన్నలో కత్తిలా జారుతుంది, ట్రిగ్గర్ కూడా చక్కగా ఉంది. 70 డిగ్రీలు ఎత్తితే చాలు బోల్టు తెరుచుకుంటుంది. కానీ స్టాక్ (భుజానికీ చెంపకూ ఆనే భాగం) నాకు సరిపోలేదు. స్కోపు ఎత్తుకు నా చెంప అందడం లేదు. చెంప కింద ఏదో ఒకటి కట్టాలి, లేదా తర్వాత ఛాసీ (స్టాక్ బదులు బిగించే లోహపు చట్రం) కొనాలి.

రూగర్ ప్రెసిషన్ రైఫిల్. 2015లో ఇది వచ్చాకే ఈ రకం రైఫిళ్లు మామూలు ఉద్యోగస్తుడికి అందుబాటులోకి వచ్చాయని అందరూ అంటారు. అన్నీ అడ్జస్ట్ చేసుకోవచ్చు. లోహపు ఛాసీ, మడిచే స్టాక్. నాకు ఎందుకో చల్లని యంత్రాన్ని పట్టుకున్నట్టు అనిపించింది. ఇది రుచికి సంబంధించిన మాటే, తప్పేమీ లేదు దానిలో.

స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతం నుంచి వచ్చే బెర్గారా బీ-14 హెచ్‌ఎంఆర్. బయటికి మామూలు స్టాక్‌లాగే ఉంటుంది, లోపల అల్యూమినియం మినీ ఛాసీ పోతపోసి ఉంటుంది. చెంప మెట్టు ఎత్తుకోవచ్చు, స్టాక్ పొడుగు పలకలతో మార్చుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, దీని యాక్షన్ (బోల్టు కదిలే లోహపు భాగం) కొలతలు రెమింగ్టన్ 700 అనే పాత రైఫిలు పద్ధతిలో ఉంటాయి. 1962 నుంచి ఉన్న ఆ కొలతలకు మార్కెట్లో దొరకని స్టాక్, ట్రిగ్గర్, రెయిల్ (స్కోపు కూర్చునే పట్టీ) లేవు. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) కూడా అందరూ వాడే ఏఐసీఎస్ రకం. బరువు దాదాపు తొమ్మిదిన్నర పౌన్లు. నేల మీద పడుకుని కాల్చేవాడికి బరువు మేలే చేస్తుంది.

దుకాణంలో కార్పెట్ మీద పడుకుని, కళ్లు మూసుకుని, బెర్గారాను భుజానికి ఆనించి, కళ్లు తెరిచాను. చెంప, భుజం, కన్ను అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. అక్కడే నిర్ణయం అయిపోయింది. 6.5 క్రీడ్‌మూర్, 22 అంగుళాల బ్యారెల్.

ఫిబ్రవరి 16

డబ్బు లెక్క. ఈ డైరీలో అందరికీ ఉపయోగపడే పేజీ ఇదేనని నా నమ్మకం.

రైఫిలు 1,140 డాలర్లు. స్కోపు 620. స్కోపును పట్టి ఉంచే రింగులు 110. ముందు కింద పెట్టే రెండు కాళ్ల స్టాండు, హారిస్ బైపాడ్ 125. వెనక పెట్టే ఇసుక సంచి 55. స్క్రూ ఎంత బలంతో బిగుస్తోందో కొలిచే టార్క్ డ్రైవర్ 60. క్లీనింగ్ రాడ్, బోర్ గైడ్, సాల్వెంట్ కలిపి 120. చెవులకు ఎలక్ట్రానిక్ మఫ్‌లు 60. మొత్తం 2,290. మిగిలింది 1,210.

మొదట నా ఆలోచన వేరుగా ఉండేది. రైఫిలుకూ స్కోపుకూ మూడు వేలు పెట్టి, మిగిలిన దానితో ఐదారు పెట్టెల తూటాలు కొందామనుకున్నాను. మా బావే ఆపాడు. "నూట ఇరవై రౌండ్లతో ఏం తెలుస్తుంది? రైఫిలు తప్పా, నీ తప్పా అన్నది కూడా తేలదు" అన్నాడు. నాకు ఆ మాట తగిలింది. అందుకే మిగిలిన 1,210లో 1,140 డాలర్లకు ఒకే లాట్ నంబరున్న (ఒకే విడతలో తయారైన) 140 గ్రెయిన్ల హోర్నడీ ఈఎల్‌డీ మ్యాచ్ ముప్పై పెట్టెలు తీసుకుంటున్నాను. పెట్టెకు 20, అంటే 600 రౌండ్లు. లాట్ మారితే బుల్లెట్ వేగం కొంత మారుతుంది. నేర్చుకునే ఏడాదిలో మారేవి ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది.

స్కోపు విషయంలో ఎక్కువ ఊగిసలాడలేదు. వోర్టెక్స్ స్ట్రైక్ ఈగిల్ 5-25 (జూమ్ 5 నుంచి 25 రెట్లు), ఫస్ట్ ఫోకల్ ప్లేన్, మిల్ గీతలు. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ అంటే జూమ్ తిప్పినప్పుడు లోపలి గీతలు కూడా బొమ్మతోపాటే పెరిగి తగ్గుతాయి. కాబట్టి ఏ జూమ్‌లో చూసినా ఒక మిల్ అంటే ఒక మిల్లే. మిల్ మంచిదా ఎంఓఏ మంచిదా అని జనం కొట్టుకుంటారు. ఒక మిల్ అంటే 100 యార్డుల దగ్గర 3.6 అంగుళాలు, ఒక ఎంఓఏ అంటే సుమారు 1.05 అంగుళాలు. రెండూ కోణాలే, ఏదైనా పని జరుగుతుంది. ఒక్క జాగ్రత్త చాలు: గీతలు ఏ కొలతలో ఉంటే టర్రెట్ (స్కోపు గురిని తిప్పి సరిచేసే గుండీ) కూడా అదే కొలతలో ఉండాలి. మన రేంజిలో పక్కవాళ్లు ఏది మాట్లాడుకుంటారో అది కొనుక్కుంటే ఇంకా సులువు. ఇక్కడ అందరూ మిల్లే.

మార్చి 1

రైఫిలు ఇంటికి వచ్చింది. దుకాణంలో 4473 అనే ఫారం నింపాను. గ్రీన్‌కార్డు వాళ్లు తమ యూఎస్‌సీఐఎస్ నంబరు అక్కడ రాయాలి. బ్యాక్‌గ్రౌండ్ చెక్ నా విషయంలో ఇరవై నిమిషాల్లో అయిపోయింది. స్కోపు కూర్చోబెట్టే 20 ఎంఓఏ రెయిల్‌ను దుకాణంవాళ్లే బిగించి ఇచ్చారు. ముందుకు కొద్దిగా వాలి ఉండే రెయిల్ అది. దూరం కాల్చేటప్పుడు స్కోపులో పైకి తిప్పుకునే చోటు ఇంకో 5.8 మిల్స్ పెరుగుతుంది.

మార్చి 8

స్కోపు నేనే బిగించాను. మూడున్నర గంటలు పట్టింది.

ముందు కంటి దూరం. జూమ్‌ను పూర్తిగా 25కు పెట్టి, రైఫిలు వెనక పడుకుని, స్కోపును ముందుకూ వెనక్కూ జరిపి, చుట్టూ నల్లటి నీడ లేకుండా పూర్తి బొమ్మ కనపడే చోట ఆపాను. ఎక్కువ జూమ్‌లోనే ఆ చోటు ఇరుకుగా ఉంటుంది కాబట్టి అక్కడ కుదిరితే మిగతా అన్నిచోట్లా కుదురుతుంది. కుర్చీలో కూర్చుని చూసుకుంటే సరిపోదు. పడుకున్నప్పుడు మెడ ముందుకు పోతుంది.

తర్వాత గీత నిలువుగా ఉందా అన్నది. తెనాలిలో మా ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి గోడ నిలువు చూసే గుండు, తాడు గుర్తొచ్చాయి. పెరటి కంచెకు ఒక నట్టు కట్టిన దారం వేలాడదీసి, ముందు రైఫిలును లెవెల్ మీద నిలబెట్టి, స్కోపులోని నిలువు గీతను ఆ దారానికి కలిపాను. ఇది అలంకారం కోసం చేసే పని కాదు. 600 యార్డులకు నాలుగు మిల్స్ పైకి తిప్పుతాం. ఆ సమయంలో రైఫిలు మూడు డిగ్రీలు పక్కకు వాలి ఉంటే బుల్లెట్ నాలుగున్నర అంగుళాలు పక్కకు పోతుంది. ప్లేటు సగం వెడల్పు ఆరు అంగుళాలే.

రింగుల పై మూతలకు 18 ఇంచ్-పౌన్లు, ఎదురెదురు మూలలుగా, ఒక్కో స్క్రూ కొంచెం కొంచెంగా. రెండు వైపులా సందు సమానంగా ఉందని కాగితం ముక్క పెట్టి చూసుకున్నాను. మా పెద్దమ్మాయి పక్కన కూర్చుని ఒక్కో స్క్రూ దగ్గర టార్క్ అంకె పైకి చదివింది.

మార్చి 15

మొదటి రోజు. హ్యూస్టన్ పశ్చిమాన జార్జ్ బుష్ పార్కులో ఉన్న రేంజి, 100 యార్డుల లైను. చెవుల్లో ప్లగ్‌లు, వాటి మీద మఫ్‌లు. ఇలాంటి పెద్ద రైఫిలు శబ్దం 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది, ఒక్క వరుస రక్షణ చాలదు.

బోల్టు తీసేసి గొట్టంలోంచి కన్ను పెట్టి టార్గెట్టు చూసి, రైఫిలు కదలకుండా స్కోపు గీతను అక్కడికే తిప్పాను. మొదటి రౌండు కాగితం మీదే పడింది. నాలుగు అంగుళాలు కిందికి, రెండు కుడికి. స్కోపులోని గీతలతోనే కొలిస్తే 1.1 మిల్స్ కింద, 0.6 కుడి. అంతే తిప్పాను. రెండో రౌండు నల్లచుక్క అంచున పడింది. అంగుళాలు, గుణకారాలు ఏమీ లేవు. స్కోపులో స్కేలు ఉంది, చూసింది తిప్పడమే.

సాయంత్రం ఒక మూడు రౌండ్ల గ్రూపు 0.4 అంగుళాలు వచ్చింది. ఫోటో తీసి బావకు పంపాను. మొత్తం 40 రౌండ్లు.

ఏప్రిల్ 12

మనసు బాగోలేదు. గత రెండుసార్లుగా గ్రూపులు పాడవుతున్నాయి. 29న 30 రౌండ్లు కాలిస్తే అంగుళంన్నర. ఇవాళ 40 రౌండ్లలో రెండున్నర అంగుళాల గ్రూపులు. అంతకంటే విచిత్రం, గ్రూపు మొత్తం చోటు మారుతోంది. మొదటి ఐదు మధ్యలో, తర్వాతి ఐదు అర మిల్ పైన, ఆ తర్వాతివి మళ్లీ కింద.

ముందు నన్నే అనుమానించాను. ట్రిగ్గర్ లాగుతున్నానేమో, ఊపిరి సరిగా ఆపట్లేదేమో. తర్వాత తూటాలను. తర్వాత బ్యారెల్‌ను. ఇంటికి వచ్చాక రాత్రి పదకొండింటికి కొత్త బ్యారెల్ ధరలు చూస్తూ కూర్చున్నాను. టెన్షన్‌లో ఉన్నప్పుడు మనిషి కొనుక్కునే పరిష్కారమే వెతుకుతాడు.

ఏప్రిల్ 19

దొరికింది.

రేంజిలో ప్రతి శనివారం వచ్చే పెద్దాయన ఒకరున్నారు. డెబ్బై దాటి ఉంటాయి. నా టార్గెట్టు చూసి, ఏమీ మాట్లాడకుండా, ఖాళీ రైఫిలు బోల్టు తెరిచి చూపించమన్నారు. తర్వాత ఒక చేత్తో స్కోపునూ, ఇంకో చేతి వేలిని రెయిల్, యాక్షన్ కలిసే గీత మీదా పెట్టి, మెల్లగా ఊపారు. "ఇక్కడ వేలు పెట్టి చూడు" అన్నారు. కంటికి కనపడదు, వేలికి తెలుస్తోంది. వెంట్రుకవాసి కదలిక.

రింగులు గట్టిగానే ఉన్నాయి. వదులైంది వాటి కింద ఉన్న రెయిల్. స్కోపు మొత్తం విప్పితే గానీ ఆ స్క్రూలు కనపడవు. నాలుగింటిలో రెండు వేళ్లతోనే తిరిగాయి. స్క్రూల మరల మీద కంపెనీ నూనె అలాగే ఉంది. బిగించినవాళ్లు నూనె తుడవలేదు, నేను వాటిని సరిచూసుకోలేదు. నా చేతులతో కొలిచి బిగించిన రింగులన్నీ నేను చూడని రెండు స్క్రూల మీద నిలబడి ఉన్నాయి.

స్క్రూలనూ రంధ్రాలనూ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, ఆరనిచ్చి, నీలిరంగు లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క పెట్టి, రెయిల్‌తో వచ్చిన కాగితంలో చెప్పినంత టార్క్‌తో బిగించాను. మళ్లీ గుండు, తాడు. చివరకు ఆ పెద్దాయన చెప్పినట్టు ప్రతి స్క్రూ తల మీదుగా పక్క లోహం మీదికి తెల్ల పెయింట్ పెన్నుతో ఒక గీత గీశాను. స్క్రూ కదిలితే గీత విరుగుతుంది. ఇక చూడగానే తెలుస్తుంది.

ఇప్పుడు రేంజికి వెళ్లే ముందు నేను చూసుకునే వరుస ఇది: యాక్షన్ స్క్రూలు, రెయిల్, రింగులు, బైపాడ్. ఆ తర్వాతే తూటా అయినా, నా చేయి అయినా. మధ్యాహ్నం 20 రౌండ్లు కాల్చాను. గ్రూపు మళ్లీ ఒకేచోట కూర్చుంది.

మే 10

ఇవాళ మూడు రౌండ్ల గ్రూపులకు సెలవు చెప్పాను. మార్చిలో బావకు పంపిన ఆ 0.4 అంగుళాల ఫోటో నిజమే, కానీ అది రైఫిలు గురించి ఏమీ చెప్పదు. మూడు రౌండ్లు అదృష్టం కొద్దీ దగ్గరగా పడొచ్చు. ఒకే రైఫిలుతో మూడేసి రౌండ్ల గ్రూపులు సగటున 0.8 అంగుళాలు వస్తుంటే, అదే రైఫిలు పది రౌండ్ల గ్రూపు సుమారు 1.25 అంగుళాలు ఉంటుంది. రైఫిలు మారలేదు, మనం దాన్ని ఎక్కువసేపు చూశాం, అంతే.

పది పది రౌండ్లుగా నాలుగు గ్రూపులు. 1.3, 1.2, 1.4, 1.2. ఈ అంకెలు ఫోటో తీసి పంపడానికి అంత బాగుండవు. కానీ నాకు చాలా తృప్తినిచ్చాయి, ఎందుకంటే నాలుగూ ఒకేలా ఉన్నాయి. 600 యార్డులకు లెక్కగడితే ఇది సుమారు ఎనిమిది అంగుళాల వలయం. ప్లేటు పన్నెండు. అంటే రైఫిలు తన వంతు చేసింది, ఇంకా రెండేసి అంగుళాలు అటూ ఇటూ నాకు మిగిల్చింది.

బుల్లెట్ వేగం కొలవడానికి పెద్దాయన తన గార్మిన్ క్రోనోగ్రాఫ్ ఇచ్చారు. అరచేతిలో పట్టే రాడార్ అది, రైఫిలు పక్కన పెడితే చాలు. సగటు వేగం సెకనుకు 2,655 అడుగులు. పెట్టె మీద రాసిన 2,710 కాదు. అది 24 అంగుళాల బ్యారెల్‌కు వచ్చే వేగం, నాది 22. పెట్టె మీది అంకెనే లెక్కలో పెట్టి ఉంటే 600 దగ్గర మూడు, నాలుగు అంగుళాలు కిందికి కొట్టేవాడిని.

జూన్ 21

ఈ నెలలో కాల్చింది 40 రౌండ్లే. మిగతాదంతా ఇంట్లో డ్రై ఫైర్, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన. తూటాలు వేరే గదిలో, తలుపు మూసి. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) మూడుసార్లు చూసి, వేలు పెట్టి తడిమి, స్నాప్ క్యాప్ (ఉత్తుత్తి తూటా) వేసి, గోడ మీద అతికించిన చుక్క వైపు. రోజూ రాత్రి పదిహేను నిమిషాలు.

ఇక్కడ బయటపడింది నా సొంత తప్పు. ట్రిగ్గర్ పడిన క్షణంలో గీత ప్రతిసారీ కొద్దిగా కుడికి ఎగురుతోంది. శబ్దం, తన్ను ఉన్నప్పుడు ఇది కనపడనే కనపడదు. కారణం బొటనవేలు. స్టాక్‌ను గట్టిగా చుట్టి పట్టుకుంటున్నాను. బొటనవేలిని కుడివైపే స్టాక్ మీద ఊరికే ఆనించి ఉంచితే ఆ ఎగురు పోయింది. ఇంకో సంగతి, శరీరం రైఫిలుకు అడ్డంగా కాకుండా నేరుగా వెనక ఉండాలి. కళ్లు మూసుకుని రెండుసార్లు ఊపిరి వదిలి తెరిస్తే గీత చుక్క మీదే ఉండాలి. లేకపోతే చేతులతో నెట్టకూడదు, నడుము జరిపి మళ్లీ పడుకోవాలి. హవల్దారు గారు నా మడమ మీద బూటుతో తట్టి కాళ్లు ఎందుకు జరిపించేవారో ఇప్పుడు అర్థమైంది.

జూలై 19

ఊరికి గంటన్నర దూరంలో స్టీలు ప్లేట్లు పెట్టే ఇంకో రేంజికి వెళ్లాను. బావ కూడా డాలస్ నుంచి వచ్చాడు. 60 రౌండ్లు.

ఫోన్‌లోని బాలిస్టిక్స్ యాప్‌లో వేగం 2,655, జీ7 బాలిస్టిక్ కోఎఫిషియంట్ (బుల్లెట్ గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె) 0.326, బ్యారెల్ మధ్య నుంచి స్కోపు మధ్యకు ఎత్తు, ఉష్ణోగ్రత, పీడనం ఇచ్చాను. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి బుల్లెట్ బరువైన గాలిలో పోతుందని బావ అన్నాడు. నిజానికి తిరగబడి ఉంటుంది. నీటి ఆవిరి నైట్రోజన్, ఆక్సిజన్ కంటే తేలిక, తేమ ఉన్న గాలి కొంచెం పల్చనే. తేడా చాలా తక్కువ, పట్టించుకోనక్కర్లేదు. వేడే అసలు విషయం.

300 యార్డులకు 1.2 మిల్స్, 500కు 2.9. రెండూ యాప్ చెప్పినట్టే పడ్డాయి. 500 దగ్గర మొదటిసారి స్టీలు మోగినప్పుడు, ట్రిగ్గర్ నొక్కిన తర్వాత చప్పుడు చెవికి చేరడానికి పట్టే ఆ రెండు సెకన్లలో గుండె ఆగినంత పనయింది. బావ నా వీపు మీద చరిచాడు.

25 జూమ్ ఎందుకూ పనికిరాలేదు. జూలై ఎండలో నేల మీంచి లేచే వేడి అలలకు ప్లేటు నీళ్లలో ఉన్నట్టు కదిలింది. 14కు తగ్గిస్తే బొమ్మ నిలబడింది. కానీ ఆ ఎండమావులే నాకు ఇప్పుడు ఎక్కువ ఇష్టం. స్కోపు ఫోకస్‌ను ప్లేటుకు కొద్దిగా ఇవతలికి తిప్పితే అలలు స్పష్టంగా కనిపిస్తాయి. అవి కుడి నుంచి ఎడమకు పాకుతుంటే గాలి కుడి నుంచి. నిట్టనిలువుగా మరుగుతుంటే పక్కగాలి లేదు, లేదా గాలి మన వైపో మననుంచి అటో వీస్తోంది. రేంజిలో కట్టిన జెండా అక్కడి గాలినే చెబుతుంది. ఎండమావి బుల్లెట్ వెళ్లే దారిలోని గాలిని చూపిస్తుంది.

ఆగస్టు 16

600 యార్డులు. పొద్దున్నే వెళ్లాం, ఏడున్నరకు మొదటి రౌండు. ప్రతి స్క్రూ మీదా తెల్ల గీత చెక్కుచెదరకుండా ఉంది.

యాప్ 3.9 మిల్స్ అంది. మొదటి మూడు రౌండ్లూ ప్లేటు మధ్య ఎత్తులోనే తగిలాయి. ఎత్తు గురించి ఇక ఆలోచించాల్సిన పని లేదు. మిగిలిందంతా గాలి. నా బుల్లెట్‌కు ఈ దూరంలో గంటకు ఒక మైలు గాలి అంటే దాదాపు రెండు అంగుళాలు. అంటే గాలిని మూడు మైళ్లు తప్పుగా చదివితే ప్లేటు అంచు దాటిపోయినట్టే. మూడు మైళ్ల తేడా ముఖం మీద గాలి తగిలినప్పుడు కూడా సరిగా తెలియదు.

పదేసి రౌండ్లుగా లెక్క రాశాను. మొదటి పదిలో ఆరు. రెండో పదిలో ఐదు, అప్పుడు గాలి కుడి నుంచి లేచి తగ్గుతూ ఆడుకుంది. తర్వాత అరగంట ఒక్క రౌండూ కాల్చకుండా స్కోపులో ఎండమావులనే చూస్తూ పడుకున్నాను. గాలి లేచినప్పుడు ఎంతసేపు ఉంటుందో, తగ్గినప్పుడు ఎంతసేపో మనసులో లెక్కపెట్టుకున్నాను. బావ విసుక్కోలేదు, తనూ స్పాటింగ్ స్కోపులో అదే చూశాడు. "తగ్గినప్పుడు కొట్టకు, లేచి నిలబడ్డాక కొట్టు, అదే ఎక్కువసేపు ఉంటోంది" అన్నాడు. ఆ తర్వాత సర్దుకోవడానికి 30 రౌండ్లు పోయాయి. చివరి పదిలో ఏడు.

తప్పిపోయిన ఆ మూడూ ఎడమవైపే. మూడింటికీ నేను కుడికి పట్టింది 0.5 మిల్. మట్టి ఎగిరిన చోటును బట్టి చూస్తే పట్టాల్సింది 0.8కి పైనే. ఎత్తు మూడింటికీ సరిగ్గానే ఉంది.

ఏ దూరానికి ఎంత తిప్పాలో రాసుకునే కార్డులో 600 పక్కన 3.9 అని ఇంకుతో రాశాను. గాలి గడిలో ఏమీ రాయలేదు. సేఫ్ పక్క గదిలో ఇంకా 270 రౌండ్లున్నాయి, అన్నీ అదే లాట్. సెప్టెంబరు మొదటి శనివారానికి బావ అప్పుడే సెలవు పెట్టుకున్నాడు.